ఒక్కరేనా?

మంగళవారం

కాజీపేటలో రైలెక్కేసరికి, మా నలుగురికని తీసుకున్న బెర్తుల్లో మూడింట్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు దుప్పట్లు పరుచుకుంటున్నారు. రెండు నెలల ముందు నుంచీ అనుకున్న ప్రయాణం ఇది. రావాల్సినవాళ్లలో ఒకామెకు అత్తగారి మోకాలి ఆపరేషన్ వచ్చిపడింది, ఇంకొకామెకు లీవు దొరకలేదు, మూడో ఆమె "వాళ్లిద్దరూ లేకుండా ఏం పోతాం, ఎండాకాలంలో చూద్దాం లే" అంది. నా టికెట్ కూడా రద్దు చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చేయలేకపోయాను. నాకు నలభై రెండేళ్లు. హనుమకొండ మనిషిని. చెరువులు తెలుసు, సముద్రం తెలియదు.

విశాఖలో దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బయట ఆటోలవాళ్లు చుట్టుముట్టి అడిగిన మొదటి ప్రశ్న "ఎంతమందండీ?" ఆ మాట ఆ ఐదు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో.

ముందుగా డబ్బు కట్టి గది బుక్ చేసుకున్న లాడ్జికి వెళ్లాను. కౌంటర్‌లో అతను నా ఆధార్ కార్డు చూశాడు, తర్వాత నా భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. "వెనకాల ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు. లేదన్నాను. "ఒక్కరేనా?" అన్నాడు. అవునన్నాను. ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వడం లేదట, ఓనరు ఒప్పుకోడట. డబ్బు వారంలో వెనక్కి వస్తుందట. గొడవ పెట్టుకోవాలనిపించింది. కానీ రాత్రంతా నిద్ర లేదు, పక్కన నిలబడి "అదేం పద్ధతి" అనేవాళ్లు ఒక్కరు కూడా లేరు. పెట్టె లాక్కుంటూ రోడ్డు మీదికి వచ్చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తప్పేదో చేసినట్టు తల దించుకుని వచ్చింది నేను, తప్పు చేసింది వాళ్లు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఇంకో చోట గది దొరికింది. అక్కడ కౌంటర్‌లో ఉన్నది ఒక పెద్దావిడ. పేరు రాసుకుని, తాళం చేతిలో పెట్టి, "వేన్నీళ్లు ఆరింటి నించి తొమ్మిదింటి వరకేనమ్మా" అంది. ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడానికి నేను ఆవిడకు రుణపడి ఉన్నాను.

అమ్మ ఫోన్ చేసింది. "తిన్నవా బిడ్డా? అందరు మంచిగున్నరా?" అంది. అందరం బాగానే ఉన్నామని చెప్పాను. ఒక్కదాన్నే వచ్చానంటే రాత్రుళ్లు నిద్రపోదు. "ఫోను ఒకసారి ఆళ్లకియ్యి" అంటే, స్నానాలకు పోయిన్రు అన్నాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం సముద్రానికి బయల్దేరాను. ఆటో పాండురంగాపురం దగ్గర పల్లానికి తిరిగింది. అక్కడ రోడ్డు కిందికి దిగుతుంటే, చివర ఇళ్ల మధ్యన, ఆకాశానికి ఆనించి నీలపు గోడ ఒకటి కట్టినట్టు కనబడింది. సముద్రం మన కాళ్ల ముందు పరుచుకుని ఉంటుందని అనుకున్నాను ఇన్నాళ్లూ. అది నిలబడి ఉంది. "అగో, సూడు!" అన్నాను గట్టిగా, పక్కకు తిరిగి.

పక్కన నా హ్యాండ్‌బ్యాగు ఉంది. డ్రైవరు అద్దంలోంచి చూసి "ఏటండీ?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

రామకృష్ణా బీచ్ అంతా జనమే. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు, ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచిన కుర్రాళ్లు, నీళ్లు తాకగానే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వెనక్కి పరిగెత్తే అత్తాకోడళ్లు. కొత్త దంపతులు ఫోన్ నా చేతిలో పెట్టి "అక్కా, ఒక ఫొటో" అన్నారు. తీశాను. ఆ తర్వాత ఇంకో కుటుంబం. ఒక్కరే నిలబడి ఉన్న మనిషికి వేరే పనేముంటుందిలే అని అందరికీ తోస్తుందేమో. సాయంత్రానికి పదకొండు కుటుంబాలకు ఫొటోలు తీశాను. ప్రతిసారీ "ఇంకొంచెం దగ్గరికి జరగండి" అని చెప్పాను.

నీళ్లలోకి మాత్రం దిగలేకపోయాను. బ్యాగులో డబ్బు, ఫోన్, గది తాళం, తిరుగు టికెట్ ఉన్నాయి. చెప్పులు విడిచి, బ్యాగు వాటి పక్కన పెట్టి, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసేదాన్ని. మళ్లీ నాలుగడుగులు. తడి ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయాను. ఈ తీరంలో అల వెనక్కి లాగే జోరు ఎక్కువ, లోతుకు వెళ్లొద్దని బోర్డులున్నాయి. నాకు లోతు అక్కర్లేదు, పాదాలు తడిస్తే చాలు. నలుగురం వచ్చి ఉంటే వంతులవారీగా దిగేవాళ్లం, ఒడ్డున ఒకరు బ్యాగులకు కాపలా ఉండేవాళ్లం. తోడు అంటే మనసుకు సంబంధించిన విషయం అనుకునేదాన్ని. చెప్పుల దగ్గర కూర్చునేవాళ్లు కూడా తోడేనని అక్కడ తెలిసింది. నలభై రెండేళ్లకు సముద్రం దాకా వచ్చి, పది అడుగుల దూరంలో నిలబడి చూసి వెనుతిరిగాను.

రాత్రి జగదాంబ సెంటర్‌లో భోజనం. నాది బ్యాంకు కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగం. సాయంత్రం లెక్క సరిపోతే తప్ప లేచేది లేదు. ఆ అలవాటు కొద్దీ మంచం మీద పడుకుని, ఆ రోజు బయట నేను మాట్లాడిన మాటలు లెక్కేశాను. "ఒక భోజనం." "ఎంత?" "చిల్లర ఉందా?" "బీచ్‌కి వెళ్తారా?" "ఒక్కదాన్నే." ఇవి కాక "దగ్గరికి జరగండి", పదకొండుసార్లు. మా బ్యాంకులో సాయంత్రం అయ్యేసరికి గొంతు ఎండిపోయి మంచినీళ్ల కోసం వెతుక్కునేదాన్ని నేను.

మా చిన్నాన్న బిడ్డ ఒకసారి పని మీద ఒక్కతే విదేశం వెళ్లి నెల ఉండి వచ్చింది. అక్కడ మెట్రో రైల్లో భుజాలు ఒరుసుకుంటూ నిలబడ్డా మనిషి వాసన తగలదక్కా, అంది. భాష రాకపోవడం వల్ల అనుకున్నాను అప్పుడు. ఇక్కడ బోర్డులన్నీ చదవగలను. పక్క టేబుల్ మాటలన్నీ అర్థమవుతాయి. ఆ టేబుల్ దగ్గర ఒక తండ్రి, మార్కులు తగ్గిన కొడుకు ప్లేటులోకి తన చేపముక్క తీసి వేస్తూ "తిను ముందు" అన్నాడు. తెలియని భాషైతే అది చప్పుడుగా పోయేది. తెలిసిన భాష కాబట్టి గదిదాకా నా వెంట వచ్చింది.

బుధవారం

ఐఎన్ఎస్ కురుసుర చూశాను. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకున్న జలాంతర్గామి. మరుసటి ఏడాది దాన్ని ఒడ్డుకు లాగి బీచ్ రోడ్డు పక్కన మ్యూజియం చేశారు. తొంభై మీటర్ల పై చిలుకు పొడవు. బయటి నుంచి చూస్తే పెద్దదే. లోపల మాత్రం ఒక మనిషి నడిచేంత దారి, రెండు పక్కలా గొట్టాలు, మీటలు, గడియారాల్లాంటి బిళ్లలు. ఒక అర నుంచి ఇంకో అరకు గుండ్రటి కంత గుండా తల వంచి, కాలు ఎత్తి వేసి దాటాలి. పడకలు చూస్తే, పక్కకు తిరగాలంటే ముందు ఊపిరి బిగపట్టాలేమో అనిపించింది. అందులో 75 మంది దాకా ఉండేవారట, రోజుల తరబడి పగలూ రాత్రీ తెలియకుండా.

లోపల వివరాలు చెప్పేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. నా వెనకాల గుంపు ఇంకా రాలేదు. కాసేపు ఆ పెద్దాయన, నేను మాత్రమే ఉన్నాం. ఇలాంటి జలాంతర్గామిలోనే తాను కూడా చేశానన్నాడు.

"ఇంతమంది మధ్యలో ఉన్నా మీకు ఒంటరిగా అనిపించేదాండీ?" అని అడిగాను. రెండు రోజుల్లో నేను నోరు తెరిచి అడిగిన మొదటి అసలైన ప్రశ్న అది.

ఆయన కాస్త ఆలోచించాడు. "లోపల ఒంటరిగా ఉండటానికి చోటెక్కడిదమ్మా? పక్కవాడి గురకతో సహా అన్నీ తెలుస్తాయి. ఇంటికెళ్లాక అనిపించేది. మా రెండోది నన్ను చూసి వాళ్లమ్మ వెనకాల దాక్కునేది. సెలవు అయిపోయే టైముకి అలవాటయ్యేది, మళ్లీ వెళ్లిపోయేవాణ్ని" అన్నాడు. అంతలో బడిపిల్లల గుంపు వచ్చింది. ఆయన గొంతు మార్చి టార్పెడోల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను ముందుకు కదలాల్సి వచ్చింది. బయటికి వచ్చాక ఎండలో కాసేపు నిలబడ్డాను. ఆ రెండో అమ్మాయికి ఇప్పుడు ఎన్నేళ్లుంటాయో అడగలేదు.

రోడ్డుకు అవతల టీయూ-142 యుద్ధవిమానం, పైన కైలాసగిరి, రెండూ చూశాను. కైలాసగిరి మీద నుంచి తీరం వంపు చాలా అందంగా ఉంది. ఎక్కువసేపు ఉండలేకపోయాను. ఏదైనా మరీ అందంగా కనబడినప్పుడే పక్కన ఎవరూ లేని సంగతి బాగా తెలిసొస్తోంది. అందం లేని చోట్ల, బస్టాపుల్లో, టిఫిన్ సెంటర్లలో నాకు ఏ ఇబ్బందీ లేదు.

గురువారం

మార్గశిర గురువారం. లాడ్జిలో పెద్దావిడ నిన్న రాత్రే చెప్పింది, "రేపు కనకమాలచ్చమ్మ దగ్గిరికి ఎల్లకపోతే ఇశాపట్నం వొచ్చినట్టు కాదమ్మా" అని. పొద్దున నాలుగున్నరకే వన్ టౌన్‌లో బురుజుపేట దారి పట్టాను. చీకట్లోనే క్యూ వీధులు తిరిగి ఉంది. బంతిపూలు, పసుపు, తడి తలల వాసన.

ఈ కనకమహాలక్ష్మి అమ్మవారి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆమె మీదే. ఎడమ చెయ్యి సగం ఉండదు. ఒకప్పుడు రోడ్డు వెడల్పు కోసం అమ్మవారిని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందనీ, మళ్లీ పాత చోట పెట్టాకే తగ్గిందనీ క్యూలో నా ముందున్నవాళ్లు కథగా చెప్పుకున్నారు. మామూలు రోజుల్లో ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమలు వేసుకోవచ్చు, పసిబిడ్డల్ని అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టవచ్చు.

నా వెనకాల ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్ల. చంకలో మూడు నెలల పాప. వాళ్లది గాజువాక వైపు. ఆమె అత్తగారు క్యూలో ఎక్కడో వెనకబడిపోయింది, ఫోన్ ఎత్తడం లేదు. ఆ పిల్ల కంగారుగా అటూ ఇటూ చూసి, ఒక్కసారిగా పాపను నా చేతుల్లో పెట్టేసింది. "అక్కా, ఒక్క నిమిషం పట్టుకోండి. మాయత్త కనబడ్డం లేదు, ఇప్పుడే వచ్చేస్తాను" అని జనం మధ్యలోంచి దూరిపోయింది.

నాకు చేతులు వణికాయి. తన బిడ్డను పేరు కూడా తెలియని మనిషి చేతిలో పెట్టి ఎలా వెళ్లిపోయింది? నా మొహం చూసి నమ్మిందా, నా వయసు చూసి నమ్మిందా, తెలియదు. పాప తల కొబ్బరినూనెతో నున్నగా ఉంది. నుదుటి పక్కన ఇంత పెద్ద దిష్టిచుక్క. అది నా చున్నీకి అంటింది. కాసేపటికి కళ్లు తెరిచి, నన్ను చూసి, ఏడవకుండా నా మెడ దగ్గర గొలుసు పట్టుకుంది. ఎంత చిన్న పిడికిలో అంత గట్టి పట్టు. క్యూ కదులుతుంటే జనం ఒత్తిడికి పాప నలగకుండా మోచేతులు అడ్డం పెట్టి నడిచాను. తాళ్ల దగ్గర నిలబడ్డ వాలంటీరు చూసి, "చంటిపిల్ల తల్లిని ముందుకి వదలండి! రామ్మా, నీ పాపతో ఇటు రా" అన్నాడు.

నా పాప కాదని చెప్పాలి. రెండు క్షణాలు ఆగి చెప్పాను.

ఆ పిల్ల పావుగంటకు అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అత్తగారు నన్ను తేరిపార చూసి, "ఏటమ్మా, ఒక్కర్తివే వొచ్చేసినావా ఇంత దూరం?" అంది. అదే ప్రశ్న. ఈసారి మాత్రం నాకు కష్టం అనిపించలేదు. జవాబు చెప్పేలోపే ప్లాస్టిక్ డబ్బా మూత తీసి పులిహోర ఉండ నా చేతిలో పెట్టింది, దర్శనం అయ్యాక తినమని. ముగ్గురం, పాపతో నలుగురం, కలిసే అమ్మవారి ముందు నిలబడ్డాం. బయటికి రాగానే జనం మమ్మల్ని చెరో వైపూ తోసేసింది. వాళ్ల పేర్లు అడగలేదు.

ఆ రాత్రి గదిలో ఒంటరితనం మొదటి రోజుకంటే ఎక్కువే ఉంది. అది ఎందుకో నాకు అర్థం కాలేదు. చున్నీ మీద దిష్టిచుక్క మరకను ఉతకలేదు.

శుక్రవారం

అరకు. తెల్లారి కిరండూల్ రైలు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన లైను ఇది. దీని మీద 58 సొరంగాలున్నాయి. అద్దాల పెట్టెకు ఎక్కువ ధర, నేను మామూలు పెట్టెలో కూర్చున్నాను. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యాయి.

మొదటి సొరంగంలోకి రైలు దూరగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారిగా "హోయ్" అని అరిచారు. రెండో దానికి కాలేజీ కుర్రాళ్లు కలిశారు. నాలుగో దానికి పెద్దవాళ్లు. వెలుతురులోకి రాగానే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వడం, మళ్లీ సర్దుకుని కూర్చోవడం. ఆరో, ఏడో సొరంగంలో నేనూ అరిచాను. చీకట్లో ఎవరి గొంతు ఏదో ఎవరికి తెలుస్తుంది? నా గొంతు అంత గట్టిగా ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. బొర్రా గుహల స్టేషన్ వచ్చేదాకా ఒక్క సొరంగం కూడా వదల్లేదు.

అరకులో వలిసె పూల పసుపు అప్పటికే చాలావరకు వాడిపోయింది. గిరిజన మ్యూజియం ముందు అరుగు మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. ఇంక దాచలేక చెప్పేశాను, ఎవరూ రాలేదమ్మా, నేను ఒక్కదాన్నే వచ్చిన అని.

అవతల కాసేపు మాట లేదు. "నాకు మొదటి దినమే ఎరుక బిడ్డా" అంది. "నలుగురు ఆడోళ్లున్న అర్రల నీ గొంతు తప్ప ఇంకో గొంతు ఇనవడకపోతే ఎరుకైతలేదా? నువ్వే చెప్తవని సూసిన." తర్వాత, "సముద్రం ఎట్లుంది?" అంది.

అమ్మ కూడా సముద్రం చూడలేదు. నిలబడి ఉంటుందమ్మా, గోడ లెక్క, అని చెప్పాను. ఇరవై నిమిషాలు చెప్పాను. జలాంతర్గామి, పాప పిడికిలి, సొరంగాలు, అన్నీ. లాడ్జి సంగతి మాత్రం చెప్పలేదు.

శనివారం

పొద్దున తొట్లకొండ. భీమిలి రోడ్డు పక్కన, సముద్రం మీదికి చూసే గుట్ట. నౌకాదళం వాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి తవ్వకాలు జరిపితే బౌద్ధ ఆరామం, సాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. మోకాలెత్తు ఇటుక గోడలు మిగిలిన చిన్న చిన్న గదులు వరసగా ఉన్నాయి. ఒక్కో గదిలో ఒక మనిషి కాళ్లు చాపుకునేంత చోటు. ఏడాదంతా ఊళ్లు తిరిగే భిక్షువులు వానాకాలం మూడు నెలలు మాత్రం ఒక చోట కలిసి ఉండేవాళ్లు. ఆ గదుల మధ్య చాలాసేపు తిరిగాను. గోడలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పక్క గదిలోవాళ్లు దగ్గితే ఇటు వినబడేది.

రాత్రికి రైలు. సాయంత్రం మళ్లీ ఆర్కే బీచ్. మొదటి రోజు ఆగిపోయిన చోటికే వెళ్లి నిలబడ్డాను. పక్కన కుంపటి పెట్టుకుని మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న అరవయ్యేళ్ల ఆవిడ ఉంది.

"మక్కకంకి ఎంత?" అన్నాను.

ఆవిడకు మాట కొత్తగా ఉన్నట్టుంది. "ఏ ఊరమ్మా మీది?" అంది. చెప్పాను. పొత్తు కాలుస్తూ కబుర్లు మొదలుపెట్టింది. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014లో, ఈ రోడ్డు మీద చెట్టన్నది మిగల్లేదట. వారం రోజులు కరెంటు లేక వీధంతా ఒకే చోట వండుకు తిన్నారట. "ఆ వారం రోజులూ ఎవుళ్లింట్లో ఎవుళ్లు తొంగున్నారో కూడా తెలీదు" అని నవ్వింది. నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది పొత్తు ఇస్తూ, నా కాళ్ల వైపు చూసింది.

"నీళ్లలోకి దిగవేటి?"

"బ్యాగు ఉందమ్మా" అన్నాను.

"సంచి ఇలగ పెట్టీ. నాను సూత్తాను. ఎల్లి రా."

బ్యాగు ఆవిడ పీట పక్కన పెట్టాను. చెప్పులు కూడా అక్కడే విడిచాను. నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మొదటి అల పాదాల మీదికి వచ్చినప్పుడు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక్కి పోతున్నప్పుడు అరికాళ్ల కింది ఇసుకను కొంచెం కొంచెంగా తోడుకుంటూ పోయింది. మడమలు కిందికి దిగాయి. ఎవరో నెమ్మదిగా లాగుతున్నట్టుంది. మోకాళ్లదాకా తడిసేవరకు ఉన్నాను. చీకటి పడుతోంది. డాల్ఫిన్ నోస్ కొండ వైపు దీపాలు వెలిగాయి.

తిరిగి వచ్చేసరికి ఆవిడ లేచి నిలబడి ఉంది. "మంచోళ్లే, వొచ్చేసినావు. నీళ్లు తెచ్చుకోవాల, బిందె ఖాళీ. బండి సూడమ్మా కాసేపు. నిప్పులు ఆరిపోకండా ఇసురుతుండు" అని విసనకర్ర నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

పీట మీద కూర్చున్నాను. తడి సల్వారు అంచులకు ఇసుక. విసురుతుంటే బొగ్గులు ఎర్రబడి, ఆపితే బూడిద కప్పుకుంటున్నాయి. సగం కాలిన పొత్తు ఒకటి పక్కకు తిప్పాను. ఒక అబ్బాయి, వాళ్ల చెల్లి కాబోలు, వచ్చి నిలబడ్డారు.

"రెండు పొత్తులు ఇవ్వండి, ఆంటీ."

"మీరు ఇద్దరేనా?" అన్నాను. "ఒక్క నిమిషం ఆగండి నాయనా. ఆమె నీళ్లకు పోయింది, వస్తది."

వాళ్లు కుంపటికి అటు వైపు కూర్చున్నారు. నేను విసురుతూ ఉన్నాను.